కిటికీ పక్క బల్ల

వెంకటేశం సారు ఒక సంతకం పెట్టడానికి పట్టేది అర నిమిషం. ఆ అర నిమిషం కోసం సింధుజ వికారాబాద్‌లో ఏళ్ళ తరబడి కాచుకుని ఉంది.

పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం రాయడం ఎప్పుడో అయిపోయింది. నల్ల అట్ట, మీద బంగారు రంగు అక్షరాలు, చూడ్డానికి లక్షణంగానే ఉంది. ప్రతులన్నీ ఆమె గైడు వెంకటేశం సారు బీరువాలో ఉన్నాయి, బీరువా తాళంచెవి సారు జేబులో ఉంది. గడువు పొడిగించమని యూనివర్సిటీ వాళ్ళకు చేతులు జోడించడం అయింది, ఇక కుదరదని వాళ్ళు చెప్పడమూ అయింది. ఈ నెలాఖరులోగా మొదటి పేజీ కింద సారు సంతకం పడితే డాక్టర్ సింధుజ. పడకపోతే పేరు కొట్టేస్తారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు కదా, ఇక్కడ దేవుడూ పూజారీ కూడా వెంకటేశం సారే కావడం ఆమె ఖర్మ.

అనంతగిరి గుట్టకు పోయే దారిలో ఉన్న ఆ కాలేజీలో మిగతా గదులన్నిటికీ కిటికీల్లోంచి చెట్లు కనిపిస్తాయి. సింధుజ గది కిటికీలకు మాత్రం నల్ల కాగితం అంటించి మేకులు కొట్టారు. చేసేది వెలుతురు మీద పరిశోధన, బతికేది చీకట్లో. పొద్దున లోపలికి వెళ్ళిన మనిషి బయటికొచ్చేసరికి వాన పడి వెలిసిపోయిన గుర్తులుండేవి, పడుతున్నప్పుడు చూసే యోగం లేదు. మధ్యమధ్యలో సారు బదులు క్లాసులు చెప్పడం, సారు కొడుకు రికార్డులు రాసిపెట్టడం ఉండనే ఉన్నాయి.

ఆమె పని టైటానియం డయాక్సైడ్ అనే పొడితో. గోడలకు వేసే రంగుల్లో, మొహాన పూసుకునే క్రీముల్లో ఉండే తెల్లపొడే అది. దాన్ని కంటికి ఆనని సన్న రేణువులుగా చేసి నీళ్ళలో వేసి వెలుతురు తగిలిస్తే నీళ్ళలోని మలినాన్ని విరిచేస్తుంది, క్రిముల్ని చంపుతుంది. అయితే దానికో పొగరుంది. అతినీలలోహిత కిరణాలు తగిలితేనే కదులుతుంది. ఎండలో ఆ కిరణాలుండేది నూటికి నాలుగైదు పాళ్ళు, ట్యూబ్‌లైటులో ఆ మాత్రమూ ఉండవు. కంటికి కనిపించే మామూలు వెలుతురుకు కూడా దానిచేత పనిచేయించాలని లోకంలో ఎందరో తలలు పట్టుకున్నారు, వాళ్ళలో సింధుజ ఒకతె. యూరియా కలిపి నూరి కొలిమిలో కాలిస్తే తెల్లపొడి లేత పసుపుకు తిరుగుతుంది. అట్లా రంగు తిరిగిన పొడి మామూలు వెలుతురును పట్టుకుంటుందని ఆశ.

బషీరాబాద్ దగ్గర గొర్లు మేపుకునే ఆమె తల్లి బీరమ్మకు ఈ సంగతి చెప్పినప్పుడు పడీపడీ నవ్వింది. "యూరియా చేన్ల చల్లుతరు గని పెంక మీద ఏంచుతరా బిడ్డా? గిందుకేనా నిన్ను గంత సదివిచ్చింది?" అంది. తర్వాత ఊళ్ళో మాత్రం, మా బిడ్డ నీళ్ళు తేటగ చేసే మందు కనిపెడ్తున్నదని చెప్పుకుంది.

నిజంగానే కనిపెట్టింది. పసుపుపొడి వేసి దీపం వెలిగిస్తే, మలినానికి బదులుగా నీలం రంగు కలిపిన నీళ్ళు కాసేపట్లోనే తేటబడ్డాయి. ఒకసారి కాదు, చేసిన ప్రతిసారీ. సారు ఎగిరి గంతేసినంత పని చేశాడు. పరిశోధన పత్రం అచ్చయింది, దాని వెంట ప్రాజెక్టు వచ్చింది. తాండూరు బండల మీద ఆ పొడి పూసి, ఆ ఊళ్ళోనే ఒక ఆడపిల్లల హాస్టల్లో తాగేనీళ్ళు వాటి మీదుగా పారేట్టు కట్టారు. తాండూరు వాళ్ళకు తాండూరు బండ, ఇంకేం కావాలి, రొట్టె విరిగి నేతిలో పడింది. సోమవారం జిల్లా ఆఫీసు నుంచి పెద్దసారొకరు వచ్చి చూసి మెచ్చుకుంటే ఆ పద్ధతి జిల్లాలోని హాస్టళ్ళన్నిటికీ పోతుంది. సోమవారం సాయంత్రం సంతకం పెడతానని వెంకటేశం సారు నోరారా చెప్పాడు.

అంతా బాగుంది. శనివారం ల్యాబులో నీళ్ళ చెంబు మరిచిపోయి వెనక్కి వెళ్ళకపోయి ఉంటే ఇంకా బాగుండేది.

వెళ్ళేసరికి అటెండర్ అనంతయ్య దీపం పెట్టె విప్పి, దాని గాజు తొడుగును సింకులో వంచుతున్నాడు. తొడుగులోంచి లేత పసుపు నీళ్ళు బుడబుడమంటూ పోతున్నాయి.

ఆ దీపం కనిపించే వెలుతురుతో పాటు అతినీలలోహితాన్నీ కక్కుతుంది. అది పొడికి తగలకుండా ఉండడానికే దీపం చుట్టూ రెండు పొరల గాజు తొడుగు పెట్టి, పొరల మధ్య సోడియం నైట్రైట్ కలిపిన నీళ్ళు పోస్తారు. ఆ లేత పసుపు నీళ్ళు అతినీలలోహితాన్ని మింగి మిగతా వెలుతురును వదులుతాయి. ఆ నీళ్ళు ఉంటేనే ప్రయోగం, లేకపోతే తమాషా.

"కాకా, ఏం చేస్తున్నవ్?"

"కడుగుతున్న బిడ్డా. నీ పసుపుపొడి ఎట్ల దూరుతదో ఏమో, గీ తొడుగులకు దిగుతది. నీళ్ళన్నీ పచ్చగైతయి. సారు చూస్తే నిన్నంటడని దిగిన్నాడల్లా పారబోసి డిస్టిల్డు నీళ్ళు పోస్తున్న."

"ఎప్పటిసంది?"

"నువ్వు గీ పని మొదలువెట్టిన కాడికెల్లి." అనంతయ్య నవ్వాడు. "నీకు చెప్తే వద్దంటవని చెప్పలె."

అనంతయ్య రిటైర్మెంటుకు దగ్గర పడ్డ మనిషి. గాజు సామాను మీద మరక కనిపిస్తే వెంకటేశం సారు పిల్లల్ని అందరి ముందూ నిలబెట్టి కడిగేస్తాడు. గాజు అద్దంలా ఉండాలన్నది ఆ ల్యాబులో వేదవాక్కు. అట్లా తిట్లు తిని ఏడ్చి వెళ్ళిన ఒక అమ్మాయిని చూసిన దగ్గర్నుంచి ఈ పెద్దాయన సింధుజ సామాను తానే చూసుకుంటున్నాడు. ప్రయోగాలప్పుడు కళ్ళకు మంచిది కాదని పెట్టె మూసే ఉంటుంది, తొడుగులో నీళ్ళు ఏ రంగులో ఉన్నాయో ఆమె తొంగి చూసిన పాపాన పోలేదు. మొదట్లో పోసింది, తగ్గినప్పుడల్లా పైనుంచి కాసిన్ని కలిపింది, లోపల అవే ఉన్నాయనుకుంది.

ఆ రోజూ, మర్నాడు సాయంత్రం దాకా సింధుజ గది విడిచి రాలేదు. నైట్రైట్ కలిపి తొడుగు నింపి, పసుపుపొడి వేసి దీపం వెలిగించింది. నీలం నీలంగానే ఉంది. తొడుగులో ఉత్త నీళ్ళు పోసి, యూరియా మొహం చూడని మామూలు తెల్లపొడి వేసింది. నీలం ఇట్టే పోయింది. మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే. ఇన్నేళ్ళూ పనిచేసింది అతినీలలోహితం. ఆమె పసుపుపొడి కొత్తగా చేసిందేమీ లేదు, పచ్చగా ఉండడం తప్ప. సింధుజ బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. ముందు ఏళ్ళు పోయినందుకు ఏడ్చింది. తర్వాత హాస్టల్ పిల్లలు గుర్తొచ్చి ఏడుపు ఆగిపోయింది, ఏడవడానికి కూడా భయమేసింది.

ఆదివారం సాయంత్రమే సారు ఇంటికి వెళ్ళింది. సారు వరండాలో కూర్చుని రేపటి ఉపన్యాసం చదువుకుంటున్నాడు. అంతా విన్నాడు. ఆశ్చర్యపోలేదు, కోప్పడలేదు. అదే ఆమెను భయపెట్టింది.

"ఎవరికన్న చెప్పినవా?"

"లేదు సార్."

"మంచి పని చేసినవ్. చెప్పకు."

"సార్, ఆ నీళ్ళు పిల్లలు తాగుతరు."

"ఎండల పెడ్తే పనిచేస్తది గదా? ఎండల కనిపించే వెలుతురు లేదా? మనం అన్నదాంట్ల అబద్ధమేమున్నది?"

"ఆ నీళ్ళ గదికి కిటికీ లేదు సార్. ట్యూబ్‌లైటే దిక్కు. బండలు పరిచింది నేనే గద."

సారు కాగితాలు పక్కన పెట్టాడు. ఆయన రాక్షసుడేమీ కాదు. సింధుజకు జ్వరమొస్తే భార్యచేత జావ కాయించి పంపిన మనిషే. ఏ ఎండకా గొడుగు పట్టి ఇంతదాకా వచ్చాడు, ఇప్పుడు గొడుగు దించమంటే చెయ్యి రావడం లేదు.

"చూడమ్మా. పేపరు అచ్చయింది. పదిమంది చదివిన్రు. ఇప్పుడొచ్చి దీపంల నీళ్ళు మారినయంటే నా మొహం ఏడ పెట్టుకోవాలె? నిదానంగ వచ్చే ఏడు ఇంకో స్కాలర్‌కు ఇస్త, సరిచేయిస్త. అడిగితే అనంతయ్య పేరు చెప్పాల్సొస్తది. రిటైరయ్యేటోన్ని బజార్ల నిలబెడ్తవా?"

"తొడుగు నేను చూసుకోవాల్సింది సార్. తప్పు నాదే."

"మరింకేం. తప్పు నీదైతే నోరు మూసుకోవాల్సింది కూడ నువ్వే." సారు లేచాడు. "రేపు పొద్దున తాండూరు. సాయంత్రం దస్కత్. కొత్త పెన్ను కొనిపెట్టిన, నీకోసమే."

అడకత్తెరలో పోకచెక్క ఎట్లా ఉంటుందో పోకచెక్కకే తెలుస్తుంది. నోరు విప్పితే సంతకం లేదు, అనంతయ్య పరువు లేదు, ఇన్నేళ్ళ బతుకు లేదు. విప్పకపోతే అన్నీ ఉన్నాయి. ఏదో ఒకటి అవుతుందిలే, అంతా బాగానే ఉంటుందిలే అనుకుంటూ కాలేజీలోని తన హాస్టలుకు నడిచింది. ఎంత నడిచినా ఆ అనుకోవడం నమ్మకంగా మారలేదు. గదిలోకి రాగానే తల్లి ఫోను చేసింది.

"బిడ్డా, దస్కత్ రేపేనా?"

"రేపే అవ్వా."

"నేను గూడ తాండూరు వస్తున్న. గొర్లను పక్కింటి శాంతవ్వకు అప్పజెప్పిన. మీ నాయిన ఉంటే చూసెటోడు." బీరమ్మ ముక్కు చీదింది. "నువ్వు ఫికర్ చెయ్యకు. నీ పని అయిపాయె. ఇగ ఆ చీకటి అర్రల నుంచి బయటపడ్తవ్."

వద్దు, రావద్దు అని చెప్పాలనుకుంది. "షేర్ ఆటోల జాగ్రత్తగ రా" అని మాత్రం అంది.

పొద్దున సారు కారులో పోయాడు. సింధుజ రైలెక్కింది, ఒళ్ళో గాజు పళ్ళెమూ, నీలం నీళ్ళ సీసా, పొడి పూసిన చిన్న బండముక్కా పెట్టుకుని. కిటికీ బయట కందిచేలు పచ్చగా పూసి ఉన్నాయి, వానలు వెనక్కి తగ్గి ఎండ ఫెళ్ళున కాస్తోంది. ధారూర్‌లో రైలు ఆగినప్పుడు దిగిపోదామా అనిపించింది. దిగి ఎక్కడికి పోవాలో తోచక కూర్చుండిపోయింది. తాండూరు దగ్గర పడుతుండగా పాలిష్ మిషన్ల రొద మొదలైంది, ఇళ్ళ కప్పుల మీద రాతిపొడి తెల్లగా పేరుకుని ఉంది. ఎదుటి సీట్లో ఒకావిడ కన్నడంలో పిల్లాణ్ణి తిడుతూ తినిపిస్తోంది. నోటికొచ్చింది అనేసే ఆవిడ స్వేచ్ఛ కూడా తనకు లేదనుకుంది సింధుజ.

హాస్టల్ గుమ్మంలోనే వార్డెన్ శంకరమ్మ ఎదురొచ్చి చేతులు పట్టుకుంది.

"మీరొచ్చిన్రు, నాకు పానం లేచొచ్చింది మేడమ్. పోయిన వానకాలం పిల్లలకు కామెర్లొచ్చినయి. గప్పటిసంది నేనే దగ్గరుండి బ్లీచింగ్ కలుపుతున్న. ఆ వాసనకు వీళ్ళు నీళ్ళే తాగుతలేరు, నాతోని రోజూ కొట్లాట. ఇయ్యాల్టికెల్లి ఆ డబ్బ బంద్. సారు చెప్పిండు, మీ బండలుంటే అది అక్కరలేదని."

"సారు గట్ల చెప్పిండా?"

"నిన్ననే ఫోన్ల చెప్పిండు. ఎందుకు మేడమ్, గట్ల చూస్తున్నరు?"

శంకరమ్మ వెనక నుంచి రెండు జడల పిల్ల ఒకతె తల బయటపెట్టింది. జ్యోతి అట పేరు, కామెర్లొచ్చి ఇంటికి పోయి తిరిగొచ్చిన వాళ్ళలో ఒకతె. "అక్కా, ఇగ నీళ్ళు వాసన రావు గదా? మా సోపతులంత మస్తు ఖుషీగున్నరు" అంది.

సింధుజ నీళ్ళ గదికి పోయింది. నాలుగు గోడలు, ఒక తలుపు, పైన ట్యూబ్‌లైటు. పసుపు పూతతో బండలు ముచ్చటగా మెరుస్తున్నాయి, వాటి మీంచి నీళ్ళు గలగలా పారి డ్రమ్ములో పడుతున్నాయి. చూసేవాళ్ళకు ఎంత తేటగా కనిపిస్తాయో. తన చేత్తో పరిచిన బండలు. కళ్ళు మూసుకుని గోడకు ఆనుకుంది. ఆ గదికి ఒక్క కిటికీ ఉండి ఉంటే ఎంత బాగుండేది, కొంచెం ఎండ పడినా ఆమె అబద్ధం కాస్త నిజమయ్యేది.

సభ భోజనాల హాల్లో. సింధుజ ముందే వెళ్ళి హాలు మధ్యలో, ట్యూబ్‌లైటు కింద బల్ల వేసి పళ్ళెం పెట్టింది. సారు వచ్చి చూశాడు. ఇద్దరు పిల్లల్ని పిలిచి, బల్లను దక్షిణం కిటికీ పక్కకు జరిపించాడు.

"గాలి మంచిగొస్తది" అన్నాడు, సింధుజ కళ్ళలోకి చూడకుండా.

కిటికీలోంచి ఎండ నేరుగా బల్ల మీద పడింది. ఇక అంతా అయిపోయినట్టే. ఆ ఎండలో పసుపుపొడీ పనిచేస్తుంది, తెల్లపొడీ పనిచేస్తుంది. ఆమె చేయవలసిందల్లా నిలబడి చూడడం. రేపట్నుంచి ఆమె డాక్టర్ సింధుజ.

పెద్దసారు వచ్చాడు, దండలు పడ్డాయి. పిల్లలు వరసగా కింద కూర్చున్నారు. వాళ్ళ వెనక గోడ దగ్గర, కొత్త చీర కొంగు తల మీదికి లాక్కుని బీరమ్మ కూర్చుంది. కూతురు కనిపించగానే మొహమంతా నవ్వు చేసుకుంది. తల్లి ముక్కుపుడక దూరం నుంచి కూడా మెరుస్తోంది.

వెంకటేశం సారు గొంతు సవరించుకున్నాడు. మాట్లాడడంలో ఆయన దిట్ట. "మామూలు టైటానియం డయాక్సైడ్‌కు అతినీలలోహిత కిరణాలు కావాలి. మా పొడికి అక్కర్లేదు. అర్ధరాత్రి అయినా, ముసురు పట్టినా, గదిలో ఒక్క ట్యూబ్‌లైటు ఉంటే చాలు. మీ పిల్లల నీళ్ళకు ఇక ఏ మందూ అవసరం లేదు" అన్నాడు. హాలు చప్పట్లతో నిండింది. శంకరమ్మ అందరికంటే గట్టిగా కొట్టింది. "ఇప్పుడు మా అమ్మాయి సింధుజ మీ కళ్ళముందే చూపిస్తుంది."

మా అమ్మాయి. ఇన్నేళ్ళలో ఆ మాట అనడం అదే మొదటిసారి. సింధుజకు అంత కోపంలోనూ కళ్ళు చెమర్చాయి, తన మీద తనకే అసహ్యం వేసింది.

బండముక్క మీద పలుచని నీలం నీళ్ళు పోసింది. ఎండ వాటిలో తళతళలాడింది. ముందు వరసలో జ్యోతి మోకాళ్ళ మీద లేచి మెడ సాచి చూస్తోంది. ఆ పిల్ల కళ్ళలో తెల్లగుడ్డు ఇంకా రవ్వంత పచ్చగా ఉన్నట్టు అనిపించింది సింధుజకు. నిజంగా ఉందో లేదో తర్వాత ఎప్పటికీ తేల్చుకోలేకపోయింది.

సీసా కింద పెట్టి కిటికీ దగ్గరికి నడిచింది. ఒక రెక్క మూసింది. రెండోది మూసింది. గడియ తుప్పు పట్టి ఉంది, అరచేత్తో కొడితే గాని పడలేదు. వరసగా మిగతా కిటికీలన్నీ మూసుకుంటూ వెళ్ళింది. హాలు నీడలో మునిగింది, పైన ట్యూబ్‌లైట్లు వెలుగుతున్నాయి.

"సింధుజా, ఏం చేస్తున్నవ్?" సారు గొంతు పీలగా వచ్చింది.

"ట్యూబ్‌లైటు చాలు గద సార్."

చాలదని ఎట్లా అంటాడు? ఇప్పుడే గదా మైకులో చెప్పాడు. సారు కుర్చీలో కూలబడ్డాడు. పెద్దసారు మెచ్చుకోలుగా తలూపాడు, నిజమైన పరీక్ష అంటే ఇదీ అన్నట్టు.

పెద్దసారు మాట్లాడాడు. శంకరమ్మ మాట్లాడింది. పిల్లలు పాట పాడారు. కిటికీలు మూసిన హాల్లో ఉక్క పెరిగింది, అందరూ కాగితాలతో విసురుకుంటున్నారు. సింధుజ బల్ల పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. గడియలు వేసింది తానే, మళ్ళీ తీయడానికి తనకు అడ్డమెవరూ లేరు. నాలుగడుగులు వేసి రెక్క నెడితే చాలు. గాలి ఆడడం లేదని చెప్పి తీయొచ్చు, ఎవరూ తప్పు పట్టరు. ఆ నాలుగడుగులు వేయకుండా తనను తాను పట్టి ఉంచుకోవడానికి ఆమె పిడికిళ్ళు బిగించింది. పళ్ళెంలో నీళ్ళు నీలంగా ఉన్నాయి. పాట అయిపోయింది. నీలంగానే ఉన్నాయి.

ఎవరూ ఏమీ అనడం లేదు. పెద్దవాళ్ళ సభల్లో కళ్ళకు కనిపించేది పైకి అనకపోవడమే మర్యాద. ఆ మర్యాద తెలియని బీరమ్మ గోడ దగ్గర్నుంచి లేచి, బల్ల దాకా వచ్చి, పళ్ళెంలోకి వంగి చూసింది.

"ఇంక నీలంగనే ఉన్నది గదా బిడ్డా?"

"వోల్టేజి తక్కువున్నట్టుంది" అన్నాడు సారు.

"కాదు అవ్వా. ఇంతే." సింధుజ తల్లికే చెప్పింది, మిగతావాళ్ళ వైపు చూస్తే మాట రాదేమోనని. "గీ పొడి లైటుకు పనిచెయ్యదు. ఎండకే పనిచేస్తది, మామూలు తెల్లపొడి లెక్కనే. మా ల్యాబుల దీపానికి అడ్డం ఉండాల్సింది లేకుంట పోయింది. చూసుకోవాల్సింది నేను, చూసుకోలె. తప్పు నాది." అప్పుడు శంకరమ్మ వైపు తిరిగింది. "మేడమ్, బ్లీచింగ్ ఆపకున్రి. మీ కాళ్ళు మొక్కుత. ఒక్క పూట కూడ ఆపకున్రి."

తర్వాత ఎవరేమన్నారో ఆమెకు సరిగ్గా వినబడలేదు. పెద్దసారు మొహం ముడుచుకుని వాచీ చూసుకున్నాడు. మనవాళ్ళ సభ ఎంత పాడైనా భోజనం మాత్రం పాడుకాదు, అందర్నీ ఆఫీసు గదిలో వేసిన విస్తళ్ళ దగ్గరికి తీసుకుపోయారు. పిల్లల్ని బయటికి పంపారు. వెంకటేశం సారు ఆఖరున లేచి, ఆమె దగ్గర ఆగాడు. కోపంతో కాదు, అలసటతో మాట్లాడాడు.

"నీ చేతులతోని నువ్వే చేసుకున్నవ్. ఇగ ఆ బీరువ తాళం నా దగ్గర్నే ఉంటది."

హాల్లో తల్లీకూతుళ్ళు మిగిలారు. బీరమ్మకు ఏం జరిగిందో పూర్తిగా తెలియలేదు. కూతురు ఏదో పోగొట్టుకుందని మాత్రం తెలిసింది. పక్కన కూర్చుని వీపు నిమిరింది. సింధుజ ఉక్క భరించలేక లేచి, దక్షిణం కిటికీ గడియ కొట్టి రెక్కలు తెరిచింది. ఎండ మళ్ళీ వచ్చి బల్ల మీద పడింది. గోడకు తల ఆనించి కళ్ళు మూసుకుంది.

ఆఫీసు గదిలోంచి విస్తళ్ళ చప్పుడు, మజ్జిగ తెమ్మన్న కేకలు వినబడుతున్నాయి. అవి సద్దుమణుగుతుండగా బీరమ్మ ఒక్క కేక పెట్టింది.

"బిడ్డా! బిడ్డా, ఇటు చూడే! తెల్లగయింది!"

పళ్ళెంలో నీళ్ళు స్ఫటికంలా ఉన్నాయి. అడుగున పసుపు బండముక్క గీతలతో సహా కనిపిస్తోంది.

"అయినయి, అయినయి! జర ఆలస్యమైంది గంతే. నేను చెప్పలె? నా బిడ్డ చేసింది పోదు." బీరమ్మ అప్పటికే గుమ్మం దాకా పరిగెత్తింది. "ఇంక కార్లు ఎక్కలే వాళ్ళు. పిలుస్త ఉండు. సారూ! ఓ సారూ!"

వాకిట్లో వెంకటేశం సారు కారు తలుపు మీద చెయ్యి వేసి ఉన్నాడు. పెద్దసారు ఇంకా చేతులు కడుక్కుంటున్నాడు. పిలిస్తే వస్తారు. చూస్తే నమ్ముతారు. కిటికీ సంగతి ఎవరికి గుర్తుంటుంది? సాయంత్రానికి బీరువా తెరుచుకుంటుంది.

సింధుజ పరిగెత్తి తల్లి కొంగు పట్టుకుంది.

"పిలవకే."

"ఎందుకే? పనిచేసింది గదా!"

"ఎండ పనిచేసింది అవ్వా."

బీరమ్మ కిటికీ వైపు చూసింది, పళ్ళెం వైపు చూసింది, కూతురి చేతిలో బిగుసుకుపోయిన తన కొంగు వైపు చూసింది. "మరి దస్కత్?" అని మెల్లగా అడిగింది. సింధుజ తల అడ్డంగా ఊపింది. కొంగు మాత్రం వదల్లేదు. కార్లు ఒకటి వెనక ఒకటి గేటు దాటిపోయేదాకా అట్లాగే పట్టుకుని నిలబడింది.

కార్లు లేపిన దుమ్ము అణిగాక, నీళ్ళ గది వైపు నుంచి బ్లీచింగ్ పౌడరు వాసన గుప్పున వచ్చింది. శంకరమ్మ డబ్బా మూత తీసినట్టుంది. వాకిట్లో పిల్లలు ఛీ ఛీ అంటూ గోల చేశారు. జ్యోతి అందరికంటే ముందు గ్లాసు నింపుకుని వచ్చి, గుమ్మంలో ఉన్న సింధుజ వైపు కోపంగా ఒక చూపు చూసింది. ఆ తర్వాత ముక్కు గట్టిగా మూసుకుని, గ్లాసెడు నీళ్ళూ తాగింది.